బాహుబలి వేసవి, మా వాకిట్లో పగులు

నేను చదివింది సివిల్ ఇంజినీరింగ్. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు, మీకూ అదే జరిగి ఉంటుంది. మా క్లాసులో ఇప్పటికీ సిమెంటు బస్తా ముట్టుకుని బతుకుతున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా వాళ్ళమంతా హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాం. కానీ ఊళ్ళో మాత్రం నేను ఇంకా 'ఇంజినీరు'నే. ఎవరి గోడ చెమ్మగిల్లినా, ఎవరి డాబా కారినా ఫోటో నాకే వస్తుంది. కింద "ఇదేంట్రా?" అని ఒక ముక్క ఉంటుంది. నేను గబగబా వెతికి చూసుకుని, కావాలనే కాస్త ఆలస్యంగా, గంభీరంగా జవాబిస్తాను.

పోయిన ఏడాది శ్రావణమాసంలో అలాగే ఒక ఫోటో వచ్చింది. ఈసారి ఎవరిదో కాదు, మా వాకిలి. దాని వెనకే ఇంకో ఫోటో. నాయనమ్మ చెయ్యి, మోచేతి దాకా కట్టు.

మాది గుంటూరు దగ్గర ఊరు. ఇంటి ముందు ముప్ఫై అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు కాంక్రీటు వాకిలి. ప్రహరీ మూలన ఒక నందివర్ధనం చెట్టు. నాయనమ్మ రోజూ తెల్లారకముందే లేచి పూజకి పూలు కోసుకొస్తుంది. ఆ మూలలో కాంక్రీటు పగిలి ఒక ముక్క అర అంగుళం పైకి లేచింది. అర అంగుళం అంటే మనకి లెక్కే కాదు, చూసుకోకుండానే దాటేస్తాం. ఎనభై దాటిన మనిషి కాళ్ళు ఈడ్చుకుంటూ నడుస్తుంది కదా, బొటనవేలు సరిగ్గా ఆ అంచుకే తగిలింది. పడుతూ పడుతూ చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

ఆ శనివారం ఊరెళ్ళాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక వాకిలి మీద చూపించాను. ఊళ్ళో కొట్టుకెళ్ళి వైట్ సిమెంటు తెచ్చి, నీళ్ళలో పేస్టులా కలిపి, పగుళ్ళన్నీ వేలితో పూడ్చేశాను. లేచిన అంచు దగ్గర కొంచెం ఎక్కువ పెట్టి ఏటవాలుగా నున్నగా రాశాను. ఫోటో తీసి 'సివిల్ ఇంజినీర్ ఈజ్ బ్యాక్' అని స్టేటస్ కూడా పెట్టుకున్నాను. నలభై మంది చూశారు, తొమ్మిది మంది చప్పట్లు కొట్టారు.

సంక్రాంతికి వెళ్ళేసరికి ఆ వైట్ సిమెంటు అప్పడం ముక్కల్లా లేచి వచ్చేసింది. అమ్మ భోగి రోజు పొద్దున్నే పెద్ద రథం ముగ్గు వేస్తోంది. పగులు దగ్గరికి వచ్చినప్పుడల్లా గీత తెగిపోతోంది, పిండి లోపలికి జారిపోతోంది. అమ్మ ఏమీ అనలేదు. అక్కడ ఆగి, చెయ్యెత్తి, అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెడుతోంది. నేను టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని అదంతా చూశాను.

ఎందుకు ఊడిపోయిందో ఆ రోజు కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఒక బగ్‌ని ఇలా సరిచేస్తే నేనే అడుగుతాను, "అసలు అది ఎందుకొచ్చిందో చూశావా?" అని. ఇక్కడ నేను చూడలేదు. కారణం వదిలేసి కంతకి పూత పూశాను.

కాబట్టి ముందు చూడటం మొదలుపెట్టాను. మీ ఇంట్లో కూడా పగులు కనిపిస్తే, సిమెంటు కొనే ముందు ఒక్క నెల చూడండి. పెద్ద పరికరాలు అక్కర్లేదు. జేబులో ఏటీఎం కార్డు ఉంటుంది కదా, దాని మందం సుమారు 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు పగులులో దూరకపోతే అది సన్నగీత. వదులుగా దూరితే మిల్లీమీటరు పైనే. పగులుకి అటూ ఇటూ పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టి, మధ్య దూరం స్కేలుతో కొలిచి, స్కేలు పక్కనే ఉండగా ఫోటో తీసుకోండి. తేదీ ఫోనే వేసుకుంటుంది. వారానికోసారి అదే చోట నుంచుని అదే ఫోటో తీయండి. దూరం మారకపోతే ఆ పగులు నిద్రపోతోంది. మారుతుంటే బతికి ఉంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. నేను చేసిన మొదటి తప్పు అదే.

మా వాకిట్లో మూడు రకాల పగుళ్ళు తేలాయి.

మొదటివి సాలెగూడులా పైపైన అల్లుకున్న వెంట్రుక గీతలు. వాన పడి ఆరుతున్నప్పుడు మాత్రమే కనిపిస్తాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ లోతు లేదు. వీటి జోలికి వెళ్ళకండి. ఎవరైనా వీటి మీద సిమెంటు పాలు పోసి నున్నగా చేస్తానంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

రెండోది వాకిలి మధ్యలో అడ్డంగా, దాదాపు స్కేలు పెట్టి గీసినట్టు ఒక పొడుగు పగులు. రెండు వైపులా సమానమైన ఎత్తు. పొద్దున కొలిస్తే ఒకలా, మధ్యాహ్నం ఎండలో కొలిస్తే కొంచెం సన్నగా ఉంది.

మూడోది ఆ మూల. డాబా మీద వాన నీళ్ళన్నీ దిగే పైపు సరిగ్గా అక్కడే, నేలకి అడుగు ఎత్తులో ముగుస్తుంది. ఒక ముక్క పైకి, ఒకటి కిందికి.

ఇంతవరకూ వచ్చాక నాకొక విషయం గుర్తుకు రావడం మొదలైంది. నిజం చెప్పాలంటే ఎప్పుడూ మర్చిపోలేదు, గుర్తు లేనట్టు ఉన్నాను అంతే.

ఆ కాంక్రీటు వేసింది 2017 ఏప్రిల్ ఆఖర్లో. తేదీ నాకు ఖచ్చితంగా ఎలా తెలుసంటే, అవి బాహుబలి 2 విడుదలైన రోజులు. ఏప్రిల్ 28. నేను సివిల్ మూడో సంవత్సరం. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, అప్పుడే రిటైరయ్యారు. వచ్చిన డబ్బుల్లోంచి కొంత తీసి వాకిలి వేయించాలనుకున్నారు. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర నన్ను అడిగారు, "ఏరా, నువ్వు సివిలే కదా. ఎట్టా వేయిస్తే బాగుంటుంది? ఏమైనా జాగ్రత్తలున్నాయా?" అని. నేను ఫోన్లో టికెట్లు వెతుక్కుంటూ, "మేస్త్రీకి తెలుసులే నాన్నా" అన్నాను. ఆయన నన్ను అడిగిన మొదటి ఇంజినీరింగ్ ప్రశ్న అది. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

కాంక్రీటు వేసిన మర్నాడు నాన్న నాకొక్క పని చెప్పారు. పది రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వాకిలి తడపమని. గోనె సంచులు కూడా పరిచి ఉంచారు. రెండు రోజులు తడిపాను. మూడో రోజు స్నేహితులతో గుంటూరు వెళ్ళాను. సినిమా చూశాను. మర్నాడు మళ్ళీ చూశాను. అక్కడే గదిలో ఉండిపోయి నాలుగో రోజుకి ఇల్లు చేరాను. నాన్న, అమ్మ అప్పుడు పెళ్ళికని బాపట్ల వెళ్ళి ఉన్నారు. నాయనమ్మ ఒక్కతే ఇంట్లో. "గోనెలు ఎండిపోయినయ్ రా అబ్బాయ్, నా చేతకాక పొయ్యలేదు" అంది. నేను గబగబా నాలుగు బకెట్లు కుమ్మరించి, "ఏం కాదులే" అన్నాను. కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోడానికి వెళ్ళి నేను వాకిలిని చంపానన్నమాట.

సిమెంటు 'ఎండుతుంది' అంటాం కానీ అది ఎండి గట్టిపడదు. నీళ్ళతో కలిసి రసాయనిక చర్య జరిగి గట్టిపడుతుంది. ఆ చర్య రోజుల తరబడి సాగుతుంది. మధ్యలో నీళ్ళు ఆవిరైపోతే అది అక్కడికి ఆగిపోతుంది. పైగా తడి ఆరేకొద్దీ కాంక్రీటు కుంచించుకుపోతుంది. పైభాగం ముందు ఆరుతుంది, అడుగు ఇంకా తడిగా ఉంటుంది, పైది లాగుతుంది, కిందిది రానివ్వదు. కాంక్రీటు నొక్కితే ఏనుగంత బలం, లాగితే అందులో పదో వంతు కూడా కష్టమే. పగలక ఏం చేస్తుంది? మన దేశపు కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు తడి ఉంచమంటుంది. ఎండలు, వేడిగాలులున్న చోట పది రోజులకి తగ్గకూడదంటుంది. ఇప్పుడు కొట్లలో ఎక్కువగా దొరికే పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లకైతే పద్నాలుగు దాకా పొడిగిస్తే మేలంటుంది. ఏప్రిల్ ఆఖర్లో గుంటూరు ఎండ మీకు తెలిసిందే. నేను రెండు రోజులు పోశాను. ఆ సెమిస్టర్లో కాంక్రీట్ టెక్నాలజీలో నాకు మంచి మార్కులొచ్చాయి, అది వేరే విషయం.

ఆ ఏడాది వానాకాలానికే పగుళ్ళు కనిపించాయి. నాన్న మేస్త్రీని పిలిచి కేకలేశారు. ఇవ్వాల్సిన చివరి ఆరు వేలు ఇవ్వనన్నారు. మేస్త్రీ బాబాయ్ తలకి చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, "సరే మాస్టారూ, మీ ఇష్టం" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా వీధిలోకి పనికి రాలేదు. నేను అప్పుడు లోపల గదిలో ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది.

ఎనిమిదేళ్ళు అలా గడిచిపోయాయి. ఈ సంక్రాంతి కనుమ నాడు నేనే ఆయన ఇంటికెళ్ళాను. గేటు దగ్గర ఏం మాట్లాడాలో తెలియలేదు. "బాబాయ్, వాకిలి ఒకసారి చూడాలి" అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, "పెద్దామె చెయ్యెట్టా ఉంది?" అని అడిగాడు.

వచ్చాడు. నాలాగా ఏటీఎం కార్డు తీయలేదు. చిన్న సుత్తి తీసి వాకిలంతా కొట్టుకుంటూ పోయాడు. మధ్యలో 'టంగ్' మంది. మూల దగ్గరికి వచ్చేసరికి 'డబ్' మంది. "ఇక్కడ కింద డొల్ల" అన్నాడు. చెంబుతో పగుల్లో నీళ్ళు పోశాడు. మధ్య పగుల్లో నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకాయి. మూల పగుల్లో గడగడమని మాయమయ్యాయి. నా ఫోటోలు చెప్పింది ఆయన సుత్తి పది నిమిషాల్లో చెప్పింది.

"రేగడి కదయ్యా" అన్నాడు. నల్లరేగడి సంగతి మా వైపు పిల్లలకి కూడా తెలుసు. ఎండాకాలం చేలో చెయ్యి పట్టేంత నెర్రెలు, నాలుగు వానలు పడగానే ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోతాయి. పత్తికి, మిరపకి బంగారం లాంటి నేల, కట్టడానికి మాత్రం శత్రువు. ఆ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకఖనిజం ఉంటుంది. అది పొరల మధ్యలోకి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. ఇల్లు బరువు కాబట్టి ఆ ఉబ్బుని తొక్కిపెట్టి ఉంచగలదు, పైగా పునాది లోతుకి వెళ్తుంది. నాలుగంగుళాల వాకిలి ఎంత బరువని? చదరపు మీటరుకి 240 కిలోలు. రేగడి ఉబ్బితే దానికి అదొక దుప్పటి. అందులోనూ డాబా నీళ్ళన్నీ ఒకే మూలలో పోస్తుంటే ఆ మూల ఒక్కటే ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆ మూల ఒక్కటే కుంగుతుంది. దాని మీద నా వైట్ సిమెంటు పూత ఎంతసేపు ఆగుతుంది?

నాన్న వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని అన్నీ వింటున్నారు. మధ్య పగులు దగ్గర బాబాయ్ కూర్చుని, నాకే చెబుతున్నట్టు అన్నాడు, "ఆ రోజే అన్నా. రెండు కోతలు పెడదామని. మాస్టారు కొత్త వాకిట్లో గీతలేందయ్యా అన్నారు."

పేపరు కదల్లేదు.

ఆయన చెప్పింది నిజం. కాంక్రీటు ఎలాగూ కుంచించుకుంటుంది, ఎక్కడో పగలక మానదు. అందుకే మనమే ముందుగా అక్కడక్కడా పలక మందంలో నాలుగో వంతు లోతున గీత కోసి పెడతాం, పగిలేదేదో ఆ గీత కిందే పగలమని. గీతల మధ్య దూరం పలక మందానికి 24 నుంచి 36 రెట్లు అని లెక్క. నాలుగంగుళాల పలకకి ఎనిమిది నుంచి పన్నెండు అడుగులు. మా వాకిలి ముప్ఫై అడుగులు, ఒక్క గీత లేదు. మనం వెయ్యని గీత అదే వేసుకుంది. కోసినా వంకర లేకుండా అంత నీటుగా నేనైతే కోయలేను.

"మరి ఈ సాలెగూడు?" అన్నాను.

బాబాయ్ నవ్వాడు. "అది నా పనేలే. తొందరగా నునుపు రావాలని పైన పొడి సిమెంటు చల్లి తాపీతో లాగా. నీళ్ళు కూడా రెండు బకెట్లు ఎక్కువే పోయించా, మాలు జారుడుగా ఉంటే పని సాగుద్దని. మిట్టమధ్యాన్నం ఎండ. అదొకటి."

అందరూ తమ తమ వాటా చెప్పేశారు. నాన్న తప్ప, నేను తప్ప. ఇక నేను చెప్పకపోతే బాగుండదనిపించింది. గుంటూరు, సినిమా, మూడు రోజులు ఎండిన గోనెలు, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే విచిత్రంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, పదో తరగతి పిల్లాడిలా అరుగు దగ్గర చేతులు కట్టుకుని నుంచున్నాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. నన్ను తిడతారనుకున్నాను. లోపలికి చూసి, "ఏమేవ్, మేస్త్రీకి టీ" అన్నారు. అంతే.

పని ఫిబ్రవరి మొదటి వారంలో పెట్టుకున్నాం. ఎండ ముదరకముందు, రేగడి మరీ తడిగా గానీ మరీ నెర్రెలిచ్చి గానీ లేని రోజులు. నేను రెండు వారాలు ఇంటి నుంచే పని చేస్తానని మేనేజరుకి చెప్పాను. కారణం 'ఫ్యామిలీ' అని రాశాను. అబద్ధం కాదు.

మూలలో ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ముక్కని పూర్తిగా పగలగొట్టి తీసేశాం. పూడ్చడానికి పనికిరాని చోట పూడ్చాలని చూడ్డం దండగ. కింద రెండడుగుల లోతు రేగడి తవ్వి బయట పోశాం. అందులో గ్రావెల్ ఆరేసి అంగుళాల పొరలుగా పోస్తూ, తడుపుతూ, దిమ్మిసతో కొట్టుకుంటూ వచ్చాం. ఉబ్బే మట్టి మీద ఉబ్బని మట్టి పొర పరిస్తే కింది ఉబ్బుని అది అణుస్తుందని ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ కట్టి చేసిన పరిశోధనని నేను కాలేజీలో రెండు మార్కుల ప్రశ్నగా చదివాను. ఆ లెక్కన ఇంకా లోతు కావాలి, కానీ వాకిలి మూలకి రెండడుగులతో సరిపెట్టుకున్నాం. దిమ్మిస కొట్టడం మాత్రం రెండు మార్కుల పని కాదు. మధ్యాహ్నం స్టాండప్ కాల్‌లో నా చేతులు వణుకుతుంటే మౌస్ ఎక్కడికో పోతోంది.

గోడకీ కొత్త ముక్కకీ మధ్య, పాత కాంక్రీటుకీ కొత్తదానికీ మధ్య అర అంగుళం థర్మాకోల్ పట్టీ నిలబెట్టాం. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కోకుండా. గ్రావెల్ మీద ప్లాస్టిక్ షీటు పరిచాం, మాలులో నీళ్ళు కిందికి ఇంకిపోకుండా. కలిపింది ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఒకటిన్నర బస్తా సిమెంటు పట్టింది. నీళ్ళ దగ్గర మాత్రం నేను మొండిగా ఉన్నాను. ఈ కలయికకి బస్తాకి 30 లీటర్లు దాటకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్ళు కూడా ఆ లెక్కలోవే. పదిహేను లీటర్ల బకెట్టు పెట్టుకుని నేనే పోశాను. మాలు గట్టిగా ఉందని బాబాయ్ గొణిగాడు. "కంప్యూటర్ లెక్కలు తాపీకి తెలవ్వు బాబూ" అన్నాడు. కానీ కడ్డీతో కుమ్మి, బద్దతో లాగి, ఆయనే చక్కగా సర్దాడు. అడుగుకి పావు అంగుళం చొప్పున గేటు వైపు వాలు ఇచ్చాడు, కంటితోనే. తర్వాత నేను లెవెల్ పెట్టి చూశాను. సరిగ్గా ఉంది. ఆయనకి చెప్పలేదు.

పొడి సిమెంటు చల్లలేదు.

ఇంతా చేసి అసలు మందు ఇంకోటి. డాబా పైపుకి ఒక బెండు, పదడుగుల ముక్క తగిలించి నీళ్ళు బయట కాలువలోకి పడేలా చేశాం. ఎనిమిదేళ్ళ క్రితమే ఈ పని చేసుంటే నాయనమ్మ పడేది కాదేమో. మీ ఇంటి పగుళ్ళు చూసేటప్పుడు ముందు పైకి చూడండి. పైపు ఎక్కడ దిగుతోంది, ట్యాంకు ఎక్కడ పొంగుతోంది, బట్టలుతికిన నీళ్ళు ఎటు పోతున్నాయి. పగులు నేల మీద ఉంటుంది, కారణం చాలాసార్లు డాబా మీద ఉంటుంది.

మధ్య పగులుని సిమెంటుతో పూడ్చలేదు. అది ఇప్పుడు జాయింటు, దాన్ని అలాగే గౌరవించాలి. తొమ్మిది మీటర్ల కాంక్రీటు, చలికాలం తెల్లవారుజాముకీ ఎండాకాలం మధ్యాహ్నానికీ దాని ఒంట్లో వేడి ముప్ఫై డిగ్రీలు మారిందనుకుంటే, దాదాపు రెండున్నర మిల్లీమీటర్లకి పైనే సాగి ముడుచుకుంటుంది. గట్టి సిమెంటు పెడితే పక్కన ఇంకోచోట పగులుతుంది. అందుకని గ్రైండరుతో పగులు వెంట పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు గాడి కోశాం. ఈ కోతకి మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి, రుమాలు కట్టుకుంటే చాలదు. ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదు. బాబాయ్ మాస్కు వద్దన్నాడు. నాయనమ్మ వరండాలోంచి కేకేసింది, పెట్టుకున్నాడు.

గాడిని ఇనుప బ్రష్షుతో గీకి, దుమ్ము ఊది, పూర్తిగా ఆరనిచ్చి, అడుగున నురగ తాడు కూరాం. బ్యాకర్ రాడ్ అంటారు. మా ఊళ్ళో కొట్టువాడికి అదేంటో తెలియలేదు, ఆన్‌లైన్లో తెప్పించాను. దాని మీద పాలీయురెథేన్ సీలెంట్, వెడల్పులో సగం మందం. తాడు ఎందుకంటే, సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి. అడుగుకి కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. రబ్బరు బ్యాండు మధ్యలో మేకు కొట్టి లాగి చూడండి, తెలుస్తుంది.

కదలని పగులైతే పద్ధతి వేరు. మా వెనక వైపు మెట్ల మీద అలాంటిదొకటి ఉంది, రెండు నెలలు కొలిచినా మారలేదు. దాన్ని ఉలితో కొంచెం లోతుగా, పైకంటే లోపల కాస్త వెడల్పుగా తొలిచాం, పూడ్చింది ఊడి పైకి రాకుండా. కడిగి, తడిపి, పైన నీళ్ళు నిలవకుండా తుడిచి, ఎస్‌బీఆర్ లేటెక్స్‌లో సిమెంటు కలిపి ఒక పూత పూశాం. అది ఆరకముందే ఒకటికి మూడు ఇసుక మాలు అదే లేటెక్స్‌తో కలిపి గట్టిగా కూరాం. ఆ పూత ఆరిపోయాక మాలు పెడితే అంటుకోకపోగా ఊడటానికి సాయం చేస్తుంది.

ఒక్క మాట. ఇదంతా నేల మీద వాకిలి, మెట్లు, ర్యాంపు లాంటివాటికి. బాల్కనీలోనో, సజ్జ కిందో, డాబా అడుగునో పగులుంటే, అది ఇనుప కడ్డీ వెంట గీతలా పోతుంటే, పక్కన తుప్పు మరక కనిపిస్తుంటే, దాని మీద మీరు గానీ నేను గానీ చెయ్యి పెట్టకూడదు. లోపల కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటుని తన్నుతోంది. స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలవండి, నాలాంటి వాట్సాప్ ఇంజినీరుని కాదు.

తడపడం నా వాటా. గోనెలు పరిచి, పద్నాలుగు రోజులు. ల్యాప్‌టాప్ వరండాలోకి తెచ్చుకున్నాను. మీటింగు మధ్యలో మైకు మూసి, బకెట్టు పోసి, మళ్ళీ వచ్చి "యా, ఐ అగ్రీ" అనేవాణ్ణి. ఒకరోజు మైకు మూయడం మర్చిపోయాను. మా లీడ్ "ఎవరింట్లోనో ట్యాప్ లీక్ అవుతోంది" అన్నాడు. నాయనమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. గోనె మూల కాస్త తెల్లబడితే చాలు, "అబ్బాయ్, ఎండిపోతంది" అని కేక. తొమ్మిదో రోజు చిన్న పనుండి గుంటూరు వెళ్తుంటే, "ఏం, మళ్ళీ సినిమానా?" అంది. ఆమెకి అంతా తెలుసన్నమాట, ఎనిమిదేళ్ళుగా.

పని అయ్యాక కూలి లెక్క నాన్న కట్టారు. ఎప్పట్లాగే కాగితం మీద రాసి, కింద గీత కొట్టి, మొత్తం వేసి నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. బాబాయ్ లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆరు వేలు ఎక్కువున్నాయి. నాన్న వైపు చూశాడు. నాన్న కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. బాబాయ్ డబ్బులు మడిచి జేబులో పెట్టుకుని, "వెనక సంపు మూత కూడా వదులుగా ఉంది మాస్టారూ, ఆదివారం వచ్చి చూస్తా" అన్నాడు.

ఇప్పుడు వానలు పడుతున్నాయి. నిన్న అమ్మకి వీడియో కాల్ చేసి మూల చూపించమన్నాను. గోడకీ కొత్త ముక్కకీ మధ్య పెన్సిల్ గుర్తులు ఒక మిల్లీమీటరు జరిగాయి. రేగడి ఊరుకోదు కదా. అంచు మాత్రం లేవలేదు. మధ్యలో సీలెంట్ తెగలేదు, సాగి అలాగే ఉంది. సాలెగూడు గీతలు వాన తడికి మళ్ళీ కనిపిస్తున్నాయి. వెనకాల నాయనమ్మ పూలసజ్జతో అటే వస్తోంది. ఆ మూల దగ్గరికి రాగానే ఆగి, చెప్పు విప్పి, బొటనవేలితో నేల ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు అడుగేసింది.